పాస్కల్ పందెం: రుజువుగా చదవకండి

పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త, తత్త్వవేత్త పాస్కల్ 'పాన్సే' (ఆలోచనలు) అనే గ్రంథంలో చేసిన 'పందెం' వాదం, అంటే దేవుడు ఉన్నాడనే వైపు పందెం కాయడమే వివేకమనే వాదం, దేవుని ఉనికికి రుజువుగా నిలబడడం లేదనీ, పైగా ఆ గ్రంథం మీ ప్రతిలో 233వ శకలం (విడి రచనా ఖండం) తెరిస్తే అది కనిపించడమే లేదనీ మీరు రాశారు. రెండో చిక్కు తేలికైనది: 233 బ్రున్‌స్విక్ అనే సంపాదకుని కూర్పులోని సంఖ్య, లఫ్యూమా అనే మరో సంపాదకుని కూర్పులో అదే శకలం 418. పాస్కల్ 1662లో మరణించేనాటికి 'పాన్సే' అసంపూర్ణమైన కాగితాలుగానే ఉండిపోయింది కనుక సంపాదకులు వాటిని తలా ఒక వరుసలో పేర్చారు.

మొదటిదే అసలు ప్రశ్న. దేవుడు ఉన్నాడో లేడో బుద్ధి తేల్చలేదని పాస్కల్ ఆ శకలంలోనే ఒప్పుకుంటాడు. అయినా జీవితమనే ఓడ ఇప్పటికే ఎక్కేసిన మనిషికి పందెం కాయకుండా ఉండే వీలు లేదంటాడు. అనంతమైన లాభం కోసం పరిమితమైన పణం ఒడ్డడం అవివేకం కాదని చూపించిన తరువాత, "అయినా నమ్మలేకపోతున్నాను" అనే వ్యక్తికి ఆయన మరిన్ని రుజువులు ఇవ్వడు. కోరికలను తగ్గించుకొని, విశ్వాసుల మాదిరిగానే చర్చిలో పవిత్రజలం తీసుకొని, ఆరాధనలు జరిపించమంటాడు. 1654లో మరో గణితవేత్త ఫెర్మాతో ఉత్తరాలు నడిపి సంభావ్యతా గణితానికి పునాది వేసిన మనిషే లెక్కను అక్కడ ఆపివేయడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

బుద్ధి తేల్చలేని చోట పాస్కల్ హృదయం వైపు చూస్తాడు; అయితే హృదయమంటే ఆయనకు కేవలం ఉద్వేగం కాదు. లఫ్యూమా 110, అంటే బ్రున్‌స్విక్ 282, చదవండి: స్థలానికి మూడు పరిమాణాలున్నాయనీ, సంఖ్యలకు అంతం లేదనీ గ్రహించేది హృదయమేననీ, బుద్ధి తన నిరూపణలను ఆ పునాది మీదే కడుతుందనీ ఆయన అందులో వివరించాడు.