విదేశాంగ విధానం మనకెందుకని నాన్న అడిగితే

ప్రశ్న: భీమవరంలో బీఏ పొలిటికల్ సైన్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో ఎంఏ చేస్తానంటే, రొయ్యల చెరువు చేసే మా నాన్న ‘విదేశాంగ విధానం మనలాంటి వాళ్లకెందుకు?’ అంటున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, నాన్నగారి ప్రశ్నని కొట్టిపారేయకు, నువ్వు చదవాలనుకుంటున్న సబ్జెక్టులో ఇప్పుడు అసలు చర్చ దాని మీదే. అమెరికాలో విదేశాంగ విధానం మీద పరిశోధన చేసే కార్నెగీ సంస్థ ఒహాయో, కొలరాడో, నెబ్రాస్కా రాష్ట్రాలకు మనుషుల్ని పంపి, అమెరికా బయటి దేశాలతో చేసే పనుల వల్ల మీ ఇంటికి ఏం ఒరిగిందని మామూలు జనాన్ని అడిగించి 2020లో నివేదిక వేసింది. దాన్ని రాసినవాళ్లలో ఒకరైన జేక్ సలివాన్ తర్వాత బైడెన్‌కి జాతీయ భద్రతా సలహాదారు అయ్యారు. ‘మధ్యతరగతి కోసం విదేశాంగ విధానం’ అనే మాట అలా ప్రభుత్వంలోకి వచ్చింది.

కానీ మధ్యతరగతి అంతటికీ ఒకే లాభం ఉండదు. చైనా సరుకుల వల్ల ఫ్యాక్టరీ పోయిన ఒహాయో ఊళ్లో సుంకాలు వేయమంటారు, అదే చైనాకి సోయా అమ్ముకునే నెబ్రాస్కా రైతు 2018లో చైనా ఎదురు సుంకాలు వేశాక నష్టపోయాడు. ఒహాయోకి ఉద్యోగాలు తెచ్చే ఇంటెల్ చిప్ ఫ్యాక్టరీని 2022లో ప్రకటించారు, అది ఇప్పుడు 2030 దాకా వాయిదా పడింది, ఈలోపు 2024 ఎన్నికల్లో జనం చూసింది మాత్రం ఇంటి సరుకుల ఖర్చే. ఆలోచన మంచిదనే నా నమ్మకం, ఎవరికి లాభం, ఎవరికి నష్టం అనే లెక్క తేల్చడమే కష్టం.

ఆ లెక్క తేల్చగలిగేవాళ్లకే పని దొరుకుతుంది, అందుకే ఒట్టి ఇంటర్నేషనల్ రిలేషన్స్‌తో ఆగిపోవద్దు, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ పట్టుగా నేర్చుకో. జేఎన్‌యూకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయి. ఢిల్లీలో విదేశీ వాణిజ్యం నేర్పే ఐఐఎఫ్‌టీలో ట్రేడ్ అండ్ ఫైనాన్స్‌తో ఎంఏ ఎకనామిక్స్ ఉంది, అర్హతలు ముందే చూసుకో. ఐఎఫ్‌ఎస్ (విదేశాంగ సర్వీసు) పోస్టులు ఏటా కొన్నే, దాని మీద ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు. ఆర్‌ఐఎస్, ఇక్రియర్ లాంటి పరిశోధన సంస్థలు, సీఫుడ్ ఎగుమతి కంపెనీలు కూడా చూడు.

నాన్నగారికి ఉపన్యాసం వద్దమ్మా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతం చేసింది కదా, దానికి ముందు, తర్వాత మీ చెరువు దగ్గర ఏ కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) ఏ రేటు పలికిందో, మేత ఖర్చు ఎంతయిందో ఆయన్నే అడిగి రెండు పేజీల్లో రాసుకో. ఎంఏ ఇంటర్వ్యూకి వెళ్తే ఆ కాగితాలు చేతిలో ఉంచుకో.