ఆయన పోయాక నిద్ర లేదు.. ఏడిస్తే విశ్వాసం తక్కువైనట్టా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మా వారు గుండెపోటుతో పోయి తొమ్మిది నెలలైంది. ఆయన్ను ఎందుకు తీసుకున్నాడో ప్రభువు చూపించాలని వారానికి రెండు రోజులు ఉపవాస ప్రార్థనలో ఉంటున్నాను. అయినా ఏడుపు ఆగట్లేదు. విశ్వాసులు ఏడవకూడదని సంఘంలో కొందరంటున్నారు. నా విశ్వాసం తక్కువా? షుగర్ ఉంది. నిద్ర కోసం మందుల షాపులో అల్ప్రాజోలం తెచ్చుకుంటున్నా, ఈమధ్య రెండేసి వేసుకుంటున్నా. త్వరగా ఆయన దగ్గరికి వెళ్లిపోతే బాగుండనిపిస్తోంది.

జవాబు: అమ్మా, ముందు మీరు చివర్లో రాసిన మాట గురించి. ఆయన దగ్గరికి వెళ్లడమంటే పరలోకంలో కలుసుకుంటామన్న నిరీక్షణా, లేక చనిపోవాలన్న ఆలోచనా? రెండోదైతే ఈరోజే ఇంట్లోవాళ్లకు చెప్పండి, మాత్రలు వాళ్ల చేతికివ్వండి, సైకియాట్రిస్టును కలవండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఆ మాత్రలు. అల్ప్రాజోలం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. నా దగ్గరికొచ్చే చాలామంది పర్సులోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీసి చూపిస్తారు. నాలుగు మాత్రలుంటాయి, పేరు సగమే ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ అసలుండదు. కొన్ని వారాలు వాడేసరికి ఒంటికి అలవాటై, ఒకటితో వచ్చే నిద్ర రెండు వేసుకుంటేగానీ రాదు. మీకు జరుగుతున్నది అదే అనుకుంటున్నా. అలాగని ఇది చదివి ఇవాళే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, విపరీతమైన టెన్షన్, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చూసి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇన్నాళ్లూ నిద్ర లేదని ఒక్క డాక్టరుకూ చెప్పకపోవడం మాత్రం తప్పేనమ్మా.

ఉపవాసం రోజున షుగర్ మాత్ర వేసుకుంటున్నారో లేదో రాయలేదు. కొన్ని రకాలు ఖాళీ కడుపున వేసుకుంటే షుగర్ బాగా పడిపోతుంది. అలా పడిపోయినప్పుడు వచ్చే చెమటలు, దడ నిద్రమాత్ర మత్తులో ఉంటే తెలియకపోవచ్చు. మీ డాక్టరుతో మాట్లాడేదాకా ఉపవాసం ఆపండి. ప్రార్థన ఆపక్కర్లేదు.

విశ్వాసం సంగతి మీ పాస్టర్‌గారు నాకంటే బాగా చెబుతారు. కానీ చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు కదా. థెస్సలొనీకయులకు పౌలు రాసింది కూడా నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దనే, అసలు ఏడవొద్దని కాదు. నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఏలీయా ప్రవక్త. చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకుంటే దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. మీరేమో 'ఎందుకు' అన్న ప్రశ్నను ఖాళీ కడుపుతో, నిద్రలేని కళ్లతో మోస్తున్నారు.

ఏడుపు దానంతటది జబ్బు కాదు. కానీ ఆరు నెలలు దాటినా వంట, స్నానం, పలకరింపు కష్టమయ్యేంతగా ఉంటే దీర్ఘకాలిక దుఃఖమా, డిప్రెషనా అని పరీక్షించాలి. మిమ్మల్ని చూడకుండా నేను తేల్చలేను. రెండింటికీ చికిత్స ఉంది. థైరాయిడ్ పరీక్ష, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి. వెళ్లేటప్పుడు ఇంట్లో మిగిలిన స్ట్రిప్పు ముక్కలన్నీ కవర్లో వేసి పట్టుకెళ్లండి. రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.