పచ్చడికి బూజు, మిరపకాయల సీసాలో పొంగు – తప్పెక్కడ జరిగింది?

ప్రశ్న: ఇంటి వెనక ఐదు సెంట్లలో టమాటా, మిరప వేసుకున్నాం మేడం. పోయినేడు పారబొయ్యలేక టమాటా నిల్వ పచ్చడి పెట్టాను, రెండు నెలలకే పైన తెల్లగా బూజొచ్చింది. పచ్చిమిరపకాయలు చీల్చి నూనెలో వేసిన సీసా అయితే మూత తియ్యగానే బుస్సుమని పొంగింది. వాసన మాత్రం బాగానే ఉంది. బూజు తీసేసి పచ్చడి వాడుకోవచ్చా? ఈసారి ఎలా పెట్టమంటారు? – ఒక మహిళా రైతు, మదనపల్లె దగ్గరి పల్లె.

జవాబు: అమ్మా, ముందు ఆ మిరపకాయల సీసా సంగతి. ఇంకా ఇంట్లో ఉంటే రుచి కూడా చూడకుండా పారేయండి, కాచి వాడదాం అనుకోవద్దు. టమాటాలో పులుపుంది, మిరపకాయలో కారం తప్ప పులుపు దాదాపు లేదు, కారం ఉంది కదా పురుగు పట్టదులే అనుకుంటాం గానీ సూక్ష్మక్రిములకి కారం అడ్డం కాదు. పైన నూనె పోస్తే గాలి తగలదు, అదే మంచిదని మనం అనుకుంటాం, కానీ క్లాస్ట్రీడియం బొటులినం అనే, తిండిలో విషం వదిలే బాక్టీరియాకి కావాల్సిందే గాలి లేని, పులుపు లేని, తడి ఉన్న చోటు. పిహెచ్ (పులుపుని కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 4.6 కన్నా పైన ఉంటే అది పెరగగలదు, పచ్చిమిరపకాయ 5 పైనే ఉంటుంది. మీ సీసాలో పొంగింది అదేనా, మామూలు ఈస్టా అనేది చూసి చెప్పలేం, వాసన బాగుందన్నారు చూడండి, దాని విషానికి వాసన ఉండాలనేం లేదు. అందుకే ఉత్త నూనెలో పచ్చి కాయ వద్దు. నిమ్మరసమో వెనిగరో ముక్కలు మునిగేదాకా పోసి, ఉప్పు గట్టిగా వేసి, ఫ్రిజ్‌లో పెట్టుకుని తొందరగా వాడేసుకోండి.

నన్నడిగితే పచ్చిమిరపకాయలకి చల్ల మిరపకాయలే మేలు. పొట్టి, లావు కాయలు తీసుకుని ముచ్చిక ఉంచి పొట్ట చీల్చి, పుల్ల మజ్జిగలో ఉప్పు వేసి రెండ్రోజులు నానబెట్టి, పగలు ఎండకి, రాత్రి మళ్ళీ అదే మజ్జిగలోకి, మజ్జిగంతా పీల్చుకునేదాకా ఇట్లాగే. చివరికి కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి, మెత్తగా ఉంటే ఇంకా ఎండ చాల్లేదనే.

పండు మిరపకాయలు మిగిలితే కొరివి కారం. కడిగేటప్పుడు ముచ్చిక తియ్యొద్దు, తీస్తే ఆ బొక్కలోంచి నీళ్ళు లోపలికి పోతాయి, అందరూ చేసే తప్పు ఇదే. కడిగి గుడ్డ మీద ఆరేసి, తడి పూర్తిగా పోయాకే ముచ్చికలు తీసి, కిలో కాయలకి పావుకిలో కల్లుప్పు, గింజా ఈనే తీసేసిన చింతపండు పావుకిలో వేసి దంచండి. ఇంత ఉప్పా అంటారు, నిల్వకి అంతే అమ్మా, బీపీ ఉన్నోళ్ళు తక్కువ తినాలి గానీ జాడీలో తగ్గిస్తే కుదరదు.

ఇక టమాటా పచ్చడి. బూజు పైన కనిపించేది కొంచెమే, దారాలు లోపలికి దిగుతాయి, పైగా బూజు పులుపుని తినేస్తుంది కాబట్టి కింద ఉన్నది కూడా నమ్మలేం. అది కూడా పోయినట్టే. మీరు పొయ్యి మీద ఉడికించి తడి పూర్తిగా ఇగరకముందే దింపేసి ఉంటారని నా అనుమానం. టమాటాలో నూటికి 94 వంతులు నీళ్ళే, ఆ నీళ్ళు పోవాలి, లేదంటే ఉప్పు పట్టెయ్యాలి. మా అమ్మ చేసే పద్ధతి చెప్తాను, నాకిదే నమ్మకం: బాగా ఎర్రబడి గట్టిగా ఉన్న కాయలు కడిగి తుడిచి, ముక్కలు కోసి, కిలోకి 100 గ్రాముల ఉప్పు, కాస్త పసుపు కలిపి జాడీలో రెండ్రోజులు ఊరనిచ్చి, ముక్కలు పిండి ఎండబెట్టాలి, పిండిన రసంలో 100 గ్రాముల చింతపండు వేసి దాన్నీ ఎండలో పెట్టాలి. మూడు మంచి ఎండలు తగిలాక రెండూ కలిపి రుబ్బి, కారం, వేయించిన మెంతిపిండి, ఆవపిండి కలిపి ఎత్తిపెట్టుకోండి. పోపు అప్పటికప్పుడు కావాల్సినంతకే. మబ్బు పట్టిన రోజుల్లో మొదలుపెట్టొద్దు.

పగుళ్ళ కాయలు, కింద నల్లమచ్చ పడ్డవి, పురుగు తొలిచినవి నిల్వకి పనికిరావు, బాగున్న మేరకు కోసి ఆ రోజు పప్పులో వేసెయ్యండి. ఆ నల్లమచ్చ కాల్షియం అందక వచ్చేది, నీళ్ళు ఒకరోజు ముంచేసి నాలుగు రోజులు మర్చిపోతే ఎక్కువవుతుంది, పగుళ్ళకి కూడా సగం కారణం అదే. మందు కొట్టి ఉంటే డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగాకే కొయ్యండి, ఇంట్లోకే కదా అని ముందే కోస్తున్నారు చాలామంది.

ఎండలు బాగున్నప్పుడు టమాటా ఒరుగులు కూడా చేసి పెట్టుకోండి, పలచగా కోసి, ఉప్పు చల్లి, విరిస్తే పటుక్కుమనేలా ఎండాలి. సంగటిలోకి ఊరుబిండి (రోట్లో నూరే పచ్చడి) నూరేటప్పుడు నాలుగు ఒరుగులు వేస్తే చింతపండు అక్కర్లేదు. రసం తీసి సీసాల్లో పెట్టాలంటే సోడియం బెంజోయేట్ అనే నిల్వ మందు వేస్తారు గానీ అది చాలా కొద్దిగానే వెయ్యాలి, మన వంటింటి కాటాలో అంత కొంచెం తూగదు, దాని జోలికి పోకుండా ఫ్రీజర్ ఉంటే కాయలు కడిగి తుడిచి కవర్లో వేసి గడ్డ కట్టించండి, తీసి నీళ్ళ కింద పెడితే తోలు దానంతటదే ఊడొస్తుంది, పులుసులోకి నేరుగా వేసుకోవచ్చు.