కాలేజీ మూసినా కంట్రోల్ ల్యాబ్ ఆగాల్సిన పనిలేదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2021లో కోవిడ్ రెండో వేవ్‌తో కాలేజీలు మళ్ళీ మూతపడ్డాక విశాఖపట్నం, అనకాపల్లి వైపు నుంచి కంట్రోల్ సిస్టమ్స్ (యంత్రాలు వాటంతటవే అదుపులో నడిచేలా చేసే శాస్త్రం) చదువు గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే తరహా సందేహాలను కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఇన్‌స్ట్రుమెంటేషన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కంట్రోల్ ల్యాబ్ అంతా సిమ్యులేషన్‌లోనే నడిచింది. గ్రాఫులు వచ్చాయి, మార్కులూ వచ్చాయి. నిజమైన పరికరం ముందు నిలబెడితే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. ఇంట్లో చేసుకోదగ్గ ప్రయోగం ఏదైనా చెప్పండి. – ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: ఒక రెసిస్టర్‌ని వేడిచేసి, దాని ఉష్ణోగ్రతను మీరు చెప్పిన చోట నిలబెట్టండి. చూడ్డానికి చిన్న పనే. కానీ డెడ్ టైమ్ (స్పందన మొదలవడానికి పట్టే ఆలస్యం), నాయిస్ (కొలతలో వణుకు), శాచురేషన్ (పవర్ హద్దుకి తగిలి ఆగిపోవడం), బయటి అలజడి అన్నీ ఇందులో నిజంగానే ఎదురవుతాయి.

కావలసినవి: ఆర్డుయినో ఊనో బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న కంప్యూటర్), 33 ఓమ్‌ల 10 వాట్ల సిమెంటు రెసిస్టర్ (తెల్లగా, పలకలుగా ఉండేది), ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్, ఐఆర్‌ఎల్‌జెడ్ 44ఎన్ మాస్‌ఫెట్ (సిమెంటు రెసిస్టరే మన హీటర్, దానికి స్విచ్చు ఇది), 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్, బ్రెడ్‌బోర్డు, కొన్ని వైర్లు. పేరున్న బ్రాండ్లే కావాలని పట్టుబట్టకపోతే మొత్తం పదిహేను వందల రూపాయల లోపే అవుతుంది. దుకాణంలో ఐఆర్‌ఎఫ్‌జెడ్ 44ఎన్ చేతిలో పెట్టి రెండూ ఒకటే అంటారు, తీసుకోకండి. గేటుకి (స్విచ్చుని నడిపే కాలికి) 5 వోల్టులే అందినప్పుడు అది పూర్తిగా తెరుచుకుంటుందన్న హామీ లేదు.

సెన్సర్ చదునైన వైపుని రెసిస్టర్‌కి ఆనించి, మధ్యలో చుక్కంత థర్మల్ పేస్టు వేసి, వేడికి తట్టుకునే క్యాప్టాన్ టేపుతో బిగించండి. మామూలు సెల్లోటేపు కాసేపటికే ఊడొస్తుంది. మాస్‌ఫెట్ గేటు నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తప్పకుండా పెట్టండి. అది లేకపోతే బోర్డు రీసెట్ అయ్యే క్షణాల్లో హీటర్ దానంతటదే వెలగవచ్చు. పూర్తి పవర్‌లో ఈ రెసిస్టర్ 4.4 వాట్లు తీసుకుని చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. అందుకే ప్రోగ్రాంలో 40 శాతానికి, అంటే ఆర్డుయినో పవర్ స్కేలు 255లో 102కి, గట్టి హద్దు పెట్టండి. 85 డిగ్రీలు దాటితే హీటర్ ఆగిపోయేలా ఇంకో లైను రాయండి. మొత్తాన్ని టైలు ముక్క మీద పెట్టండి. మంచం మీదా పుస్తకాల మీదా వద్దు.

కొలతలో మొదటి చిక్కు: ఎల్‌ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఊనో మామూలుగా 5 వోల్టులను 1024 భాగాలు చేస్తుంది కాబట్టి ఒక్కో మెట్టు దాదాపు అర డిగ్రీ. అనలాగ్ రిఫరెన్స్‌ని (కొలతకి పైహద్దు వోల్టేజీని) ఇంటర్నల్‌కి మారిస్తే 1.1 వోల్టే 1024 భాగాలవుతుంది, మెట్టు 0.1 డిగ్రీకి తగ్గుతుంది. మార్చాక వచ్చే మొదటి కొన్ని రీడింగులు వదిలేసి, ఆపైన 20 రీడింగుల సగటు తీసుకోండి.

రెండో చిక్కు ఎక్కువమందిని ఏడిపించేది. హీటర్ వెయ్యగానే ఉష్ణోగ్రత ఒక్కసారిగా రెండు డిగ్రీలు ఎగిరితే అది వేడి కాదు. ఈ రెసిస్టర్ అంత తొందరగా వేడెక్కదు. హీటర్ కరెంటు 0.36 ఆంపియర్లు, సెన్సర్ గ్రౌండ్ వైరు గుండానే వెళ్తోందన్నమాట. బ్రెడ్‌బోర్డు పట్టు వదులైతే ఆ దారిలో 0.05 ఓమ్ ఉండటం మామూలే. 0.36ని 0.05తో గుణిస్తే 18 మిల్లీవోల్టులు, అంటే 1.8 డిగ్రీలు. హీటర్ గ్రౌండ్‌ని నేరుగా అడాప్టర్‌కి తీసుకెళ్ళి, సెన్సర్ గ్రౌండ్‌ని విడిగా ఆర్డుయినోకి కలిపి, ఆ రెండింటినీ ఒక్కచోటే జోడించండి. ఎగరడం ఆగిపోతుంది.

ఇప్పుడు స్టెప్ టెస్ట్, అంటే పవర్‌ని ఒక్కసారిగా పెంచి స్పందన చూడటం. ఫ్యాను ఆపి, 15 శాతం పవర్ దగ్గర అరగంట పైనే ఉంచండి. ఉష్ణోగ్రత నిలిచాక 30 శాతానికి పెంచి, మళ్ళీ నిలిచేదాకా సెకనుకొక రీడింగు రాసుకోండి. మీకు 45 నుంచి 61 డిగ్రీలకు వెళ్ళిందనుకుందాం. పెరుగుదల 16 డిగ్రీలు, దాన్ని 15తో భాగిస్తే గెయిన్ శాతానికి 1.07 డిగ్రీలు. పెరుగుదలలో 28.3 శాతం (49.5 డిగ్రీలు) 155 సెకన్లకీ, 63.2 శాతం (55.1 డిగ్రీలు) 415 సెకన్లకీ వచ్చిందనుకోండి. ఆ రెండు సమయాల తేడాని ఒకటిన్నరతో గుణిస్తే టైమ్ కాన్‌స్టెంట్ (స్పందన ఎంత నిదానమో చెప్పే కొలత) 390 సెకన్లు. 415లోంచి 390 తీసేస్తే డెడ్ టైమ్ 25 సెకన్లు.

ఇక కొలతని చూసి పవర్‌ని సరిదిద్దే పీఐ కంట్రోలర్ రాయాలి: లోపానికి (కోరిన, కొలిచిన ఉష్ణోగ్రతల తేడాకి) తగ్గట్టు ఒక వాటా, పాత లోపాల కూడికకి, అంటే ఇంటిగ్రల్‌కి, తగ్గట్టు ఇంకో వాటా. దాని అంకెలు కుదర్చడానికి, అంటే ట్యూనింగ్‌కి, స్కోగెస్టాడ్ అనే శాస్త్రవేత్త నియమాలు వాడండి. లూప్ (కొలిచి సరిదిద్దే చక్రం) ఎంత చురుగ్గా ఉండాలో ముందు మీరే నిర్ణయిస్తారు, 75 సెకన్లు అనుకుందాం. కంట్రోలర్ గెయిన్ అంటే 390ని, 1.07 సార్లు (75+25) తో భాగించగా వచ్చేది, 3.6. ఇంటిగ్రల్ టైమ్ 390, లేదా 4 సార్లు 100, ఏది చిన్నదైతే అది. ఇక్కడ 390. డెరివేటివ్ (లోపం మారే వేగానికి తగ్గట్టు సరిదిద్దే వాటా) జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఈ సెన్సర్ నాయిస్‌కి అది హీటర్‌ని వణికిస్తుంది తప్ప మేలు చెయ్యదు.

లూప్ నడుస్తుండగా కరెంటు పోతే కంగారుపడి ఆపెయ్యకండి. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఆర్డుయినో బతికే ఉంటుంది, హీటర్ అడాప్టర్ మాత్రం చచ్చిపోతుంది. ఉష్ణోగ్రత పడిపోతుంటే ఇంటిగ్రేటర్ (పాత లోపాల కూడిక) పేరుకుంటూ పోతుంది. 10 డిగ్రీల లోపం 10 నిమిషాలుంటే దాని వాటా 56 శాతం, మన హద్దు 40 కంటే ఎక్కువ. కరెంటు వచ్చాక ఉష్ణోగ్రత సెట్‌పాయింట్ (మీరు కోరిన చోటు) దాటి చాలాసేపు దిగిరాదు. ఇంటిగ్రేటర్ వైండప్ అంటే ఇదే. అవుట్‌పుట్ హద్దుకి తగిలినప్పుడు కూడిక ఆపెయ్యమని ఒక షరతు రాసి, అడాప్టర్ ప్లగ్గు మీరే పీకి మళ్ళీ చూడండి. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి రికార్డులో అంటించండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ కాలేజీలో కంట్రోల్ ల్యాబ్ చెబుతాను. ఆన్‌లైన్‌లో అరవైమంది ఒకే గ్రాఫు పంపుతున్నారు. కొందరికి ఫోన్ తప్ప ఏమీ లేదు. మార్కులు ఎలా వెయ్యాలి? – ఒక అధ్యాపకుడు, అనకాపల్లి

జవాబు: గ్రాఫు అడగడం మానెయ్యండి మాస్టారూ, ముడి డేటా అడగండి. సెకనుకొక లైను చొప్పున 40 నిమిషాలకి 2400 లైన్లు. ఆ ఫైలు 40 కిలోబైట్లు కూడా ఉండదు, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊరి నుంచి కూడా వాట్సాప్‌లో వెళ్ళిపోతుంది. సగటు ఉష్ణోగ్రతతో పాటు ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) ఇచ్చిన అసలు పూర్ణసంఖ్యని కూడా ఒక కాలమ్‌లో రాయించండి. కంప్యూటర్‌లో పుట్టించిన డేటాలో ఆ రెండింటి మధ్య పొంతన సరిగా కుదర్చడం కష్టం. ఇంకో గుర్తు: మే నెలలో మన వైపు ఏసీ లేని గదిలో మొదటి రీడింగు సరిగ్గా 25.0 ఉంటే అది ఇంట్లో కొలిచింది కాదు.

సెట్‌పాయింట్‌ని రోల్ నంబరుకి ముడిపెట్టండి, 45కి చివరి అంకె కలిపితే చాలు. ఆ తర్వాత ఒక్కొక్కరితో ఫోన్‌లో ఆరేడు నిమిషాల వైవా. "ఫ్యాను వేస్తే గెయిన్ పెరుగుతుందా తగ్గుతుందా, టైమ్ కాన్‌స్టెంట్ సంగతేంటి" అని అడగండి. గాలి తగిలితే వేడి తొందరగా పోతుంది కాబట్టి రెండూ తగ్గుతాయి. ప్రయోగం చేసినవాళ్ళు తడుముకోకుండా చెబుతారు. మార్కుల్లో కనీసం సగం ఈ వైవాకే ఉంచాలని మా అభిప్రాయం.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళని ముగ్గురు నలుగురి జట్టులో వెయ్యండి. ఒకరి ఇంట్లో పరికరం, అందరికీ డేటా, కానీ డేటాలో ఎవరి భాగం వాళ్ళకే. ఐఐటీ బాంబేలో ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ప్రోత్సహించే ఫాసీ బృందం తెచ్చిన సైలాబ్ ఆన్ క్లౌడ్ (ఇంజినీరింగ్ లెక్కల సాఫ్ట్‌వేర్) బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫోన్‌లోనూ లెక్క వేసుకోవచ్చు. దూరం నుంచి నిజమైన హీటర్‌ని నడిపే సింగిల్ బోర్డ్ హీటర్ సిస్టమ్ కూడా ఐఐటీ బాంబేలోనే తయారైంది. మీ ల్యాబ్‌లోని పాత పరికరాన్ని అలా ఇంటర్నెట్‌కి కలపాలనుకుంటే ముందు దాని పద్ధతి చూడండి.

ప్రశ్న: 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి బయటికొచ్చి ప్రాణాలు పోయాయి. లాక్‌డౌన్‌లో ఆగి ఉన్న ప్లాంటు అది. దీన్ని కంట్రోల్ పాఠంగా చదవొచ్చా? – ఒక విద్యార్థి, గోపాలపట్నం

జవాబు: చదవాలి. మన ఊళ్ళో ఈ విషయం చదివే ప్రతివాళ్ళూ చదవాలి. ట్యాంకు అడుగు భాగంలోనే ఉష్ణోగ్రత కొలిచేవారని, పై పొరల వేడి తెలియలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ నివేదిక చెప్పింది. చల్లటి ద్రవం బరువెక్కువ, అడుగునే ఉండిపోతుంది. వెచ్చటిది పైకి చేరుతుంది. పంపు పెట్టి తిప్పకపోతే రెండూ కలవవు. సెన్సర్ చెప్పింది నిజమే, కానీ అది చెప్పింది అడుగు గురించి మాత్రమే.

స్టైరీన్ అణువులు వాటంతటవే గొలుసుకట్టుకుంటూ వేడి విడుదల చేస్తాయి. ఆ వేడికి చర్య ఇంకా తొందరపడుతుంది, అంటే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. దాన్ని అదుపులో ఉంచడానికి టీబీసీ అనే నిరోధకం కలుపుతారు. అది నిల్వలో క్రమంగా ఖర్చవుతుంది, పనిచెయ్యడానికి ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఉండాలి. అందువల్ల ఆగి ఉన్న ట్యాంకుని నిద్రపోతున్న ట్యాంకని అనుకోకూడదు.

ఒక నమూనా లెక్క ఇస్తున్నాం, అంకెలు స్టైరీన్‌వి కావు, కల్పించినవి. పుట్టే వేడి 25 డిగ్రీల దగ్గర 1 యూనిట్, ప్రతి 10 డిగ్రీలకి రెట్టింపు. పోయే వేడి 20 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.2 యూనిట్. గ్రాఫు గీస్తే రెండు గీతలూ రెండుచోట్ల కలుస్తాయి: 25 దగ్గరా, సుమారు 51.6 దగ్గరా. మొదటిది స్థిరం. రెండోది అస్థిరం, అది దాటితే ఇంక ఆగదు. ఇప్పుడు 0.2ని 0.1కి తగ్గించి చూడండి. శీతలీకరణ సగమైతే గీతలు అసలు కలవనే కలవవు, ఎక్కడ మొదలుపెట్టినా వేడి పెరుగుతూనే ఉంటుంది. తర్వాత ట్యాంకుని పైపొర, కిందిపొరగా విడదీసి, కింది పొరనే చల్లబరిచి, కింది పొరనే కొలవండి. మీ డిస్‌ప్లే ఎంతసేపు ప్రశాంతంగా ఉంటుందో, పైన ఏం జరుగుతుందో పక్కపక్కన ప్లాట్ చెయ్యండి.

ప్రశ్న: కోవిడ్ వ్యాప్తినే ఫీడ్‌బ్యాక్ సిస్టమ్‌గా తీసుకుని మినీ ప్రాజెక్టు చెయ్యాలనుంది. ఎలా? – బీటెక్ చివరి సంవత్సరం, మధురవాడ

జవాబు: 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ ఇచ్చిన ఎస్ఐఆర్ సమీకరణాలతో (జనాన్ని సోకగలవాళ్ళు, సోకినవాళ్ళు, కోలుకున్నవాళ్ళు అని మూడుగా విడదీసేవి) మొదలుపెట్టండి. సోకే రేటు రోజుకి 0.25, కోలుకునే రేటు 0.1 అనుకుంటే మొదట్లో వృద్ధి 0.15, సంఖ్య 4.6 రోజులకి రెట్టింపవుతుంది. అసలు పాఠం ఆలస్యంలో ఉంది. సోకడానికీ లెక్కలో కనబడటానికీ 10 రోజులు పడితే, తెరమీద 2 వేలమంది కనబడేసరికి బయట దాదాపు 9 వేలమంది ఉంటారు. ఆ రోజే ఊరు మూసి సోకే రేటుని 0.08కి దించినా, కనబడే లెక్క ఇంకో 10 రోజులు పెరిగి 9 వేలకి వెళ్తుంది. దిగడం రోజుకి 0.02 చొప్పునే, సగమవడానికి 35 రోజులు. 500కి దిగాక తెరుద్దామని రిలే (మూయడం, తెరవడం మాత్రమే తెలిసిన స్విచ్చు) పెడితే, మూసిన రోజు నుంచి సుమారు 154 రోజులు పడుతుంది. 2 వేల బదులు 500 దగ్గరే మూసి, 125 దగ్గర తెరిస్తే ఏమవుతుందో చూడండి. మూసి ఉంచే రోజులు మారవు, కానీ శిఖరం నాలుగో వంతుకి తగ్గుతుంది. ఈ ఒక్క పోలికతోనే ప్రాజెక్టు నిలబడుతుంది.

పరీక్షల సంఖ్య మారితే సెన్సర్ గెయిన్ మారినట్టే. అది పట్టించుకోకుండా రోజువారీ కేసులకి గీత కలిపి విశాఖకి జోస్యం చెప్పొద్దు. ఈ రంగంలో మనవాళ్ళ కృషి చూడాలంటే, 2020లో నేషనల్ కోవిడ్-19 సూపర్‌మోడల్ కమిటీకి అధ్యక్షత వహించిన ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ ఎం. విద్యాసాగర్ గారి పని చదవండి. ఆయన కంట్రోల్ థియరీలో ప్రపంచం ఎరిగిన మనిషి.

ప్రశ్న: రీసెర్చ్ స్కాలర్‌ని. సదస్సులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – సిరిపురం

జవాబు: 2020 జూలైలో బెర్లిన్‌లో జరగాల్సిన ఐఫాక్ (అంతర్జాతీయ ఆటోమేటిక్ కంట్రోల్ సమాఖ్య) ప్రపంచ మహాసభ, డిసెంబరులో దక్షిణ కొరియా జెజు ద్వీపంలో జరగాల్సిన సీడీసీ (కంట్రోల్ రంగంలోని పెద్ద వార్షిక సదస్సు), రెండూ ఆన్‌లైన్‌లోనే జరిగాయి. ముందు టైము చూసుకోండి: జెజులో ఉదయం 9 అంటే మనకి తెల్లవారి 5:30. వీడియో 720పీ చాలు. సెకనుకి 1 మెగాబిట్ చొప్పున 15 నిమిషాలకి సుమారు 112 మెగాబైట్లు అవుతుంది. గడువుకి రెండు రోజుల ముందే ఎక్కించండి, అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వస్తే నెట్ ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం. స్లైడుకి ఒకే సమీకరణం, గ్రాఫు అక్షరాలు ఫోన్ తెరమీద చదవగలిగేంత పెద్దవి. ప్రశ్నల సమయంలో లైను తెగితే పంపడానికి మీ మెయిల్ చిరునామా, ఒక పేజీ సారాంశం చాట్‌లో ముందే పెట్టి ఉంచండి.