పాత పికప్ కొన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పాత పికప్ కొన్నావని తెలిసి చాలా సంతోషించాను. దాని ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించి, వెనక కమాను కట్టలకు (బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీల దొంతరలకు) చెరో రెండు పట్టీలు అదనంగా చేర్చి, ముందు భాగంలో పెద్ద దీపాలు బిగించాలని ఉందని రాశావు. వీటిలో ఏది ముందు చేయించాలని అడిగావు. ముప్పై ఏళ్లకు పైగా ఈ బండ్ల కింద పడుకుని పని చేసినవాడిగా నా సలహా ఇది: వీటిలో ఏదీ ముందు చేయించకు. మొదట బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి స్థితికి తీసుకురా. పికప్‌లో ఒక భాగాన్ని మార్చినంత మాత్రాన అది మోసే భారం ఎక్కడికీ పోదు, పక్కనున్న భాగం మీదకు చేరుతుంది. ఆ పక్క భాగం అప్పటికే అరిగిపోయి ఉంటే, నువ్వు ఎన్నడూ వంగి చూడని చోట బండి దెబ్బ తింటుంది.

1925లో ఫోర్డ్ సంస్థ తన మోడల్ టీ బండికి వెనక తొట్టి బిగించి ఫ్యాక్టరీ నుంచే అమ్మడం మొదలుపెట్టింది. ఆనాటి నుంచి ఇంజన్లు ఎంత మారినా, బరువు మోసే పికప్‌లలో చాలావాటి కట్టుబడి మాత్రం అలాగే ఉంది. నిచ్చెన ఆకారంలో ఛాసిస్ అనే ఉక్కు చట్రం, దాని మీద వేర్వేరుగా కూర్చునే క్యాబిన్, తొట్టి, వెనక యాక్సిలును, అంటే ఇరుసును, పట్టి ఉంచే కమాను కట్టలు. అందుకే నీ పరీక్ష ఛాసిస్‌తో మొదలు కావాలి. ఇంజను పాడైతే మరొకటి దించుకోవచ్చు గాని, ఛాసిస్‌ను తుప్పు తినేస్తే ఆ బండి మీద పెట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

కిందకు దూరే ముందు ఒక్క మాట. జాకీ ఉన్నది బండిని ఎత్తడానికే, ఎత్తిన బండిని నిలిపి ఉంచడానికి కాదు. గట్టి నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు నిలబెట్టి, బండిని చేత్తో ఊపి చూసి కదలడం లేదని రూఢి అయ్యాకే కిందకు వెళ్లు. ఇటుకలు, చెక్క ముక్కలు పేర్చి వాటిని నమ్ముకున్నవాళ్లకు ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను. ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటవద్దు తల్లీ.

ఛాసిస్‌ను బాగా కడిగి, ఆరిన తరువాత చిన్న సుత్తితో వరుసగా తట్టుకుంటూ వెళ్లు. గట్టి ఉక్కు ఖంగుమని పలుకుతుంది. లోపల తుప్పు పట్టిన చోట శబ్దం మొద్దుబారి, పొరలు పొరలుగా పెళ్లలు రాలుతాయి. ముఖ్యంగా వెనక కమాను షాకిళ్లు (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే లంకెలు) బిగించిన చోట, తొట్టి బోల్టులు దిగే చోట, అడ్డ పట్టీలు ఛాసిస్‌కు కలిసే మూలల్లో మట్టి చేరి తడి నిలుస్తుంది. మట్టితో మూసుకుపోయిన రంధ్రాలను కడ్డీతో పొడిచి తెరువు. అవి నీళ్లు కారిపోవడానికి పెట్టినవే. ఎక్కడైనా వెల్డింగ్ చేయాల్సి వస్తే, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించకుండా వెల్డింగ్ రాడ్డును దగ్గరకు రానివ్వకు. ఛాసిస్ పై అంచులోను కింది అంచులోను కొత్తగా రంధ్రాలు వేయనివ్వకు, ఎందుకంటే బరువు పడినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది ఆ అంచుల మీదే, చీలికలు మొదలయ్యేదీ అక్కడే.

తరువాత వెనక యాక్సిల్ హౌసింగ్, అంటే ఇరుసును కప్పి ఉండే ఉక్కు తొడుగు, చూడు. దాని మీద వేలెడంత లేని గాలి గొట్టం ఒకటి ఉంటుంది. చాలామంది మెకానిక్కులు కూడా దాన్ని పట్టించుకోరు. బండి నడిచే కొద్దీ హౌసింగ్‌లో ఆయిలు, గాలి వేడెక్కి వ్యాకోచిస్తాయి. ఆ గొట్టం బురదతో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి వేరే దారి లేక, ఆయిలు చక్రాల వైపు సీళ్లను దాటుకుని వచ్చి బ్రేకు లైనర్లను (డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలను) తడిపేస్తుంది. సీలు పోయిందని సీలు మారుస్తారు, నెల తిరక్కుండా అది మళ్లీ కారుతుంది, మళ్లీ మారుస్తారు. గొట్టం విప్పి శుభ్రం చేస్తే తీరిపోయే పని అది. నీళ్లు నిలిచిన దారుల్లో నడిచాక హౌసింగ్ ఆయిలు ఒక చుక్క తీసి చూడు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీరు చేరినట్టే. ఆ ఆయిలుతో ఒక్క రోజు కూడా నడపకుండా మార్పించు.

ఇంజను శక్తిని వెనక యాక్సిలుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లు, అంటే క్రాసులు, కూడా మాట్లాడతాయి. ముందు గేరు నుంచి వెనక గేరుకు మార్చినప్పుడు కింద టక్కుమని శబ్దం వచ్చినా, క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా, లోపల గ్రీజు ఎండిపోయిందని అర్థం. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉంటే నాలుగు కప్పుల అంచుల నుంచీ కొత్త గ్రీజు తొంగిచూసేదాకా పంపు కొట్టు. మూడింటి నుంచే వస్తే నాలుగోది ఎండినట్టే లెక్క. షాఫ్ట్ విప్పాల్సి వస్తే, విప్పక ముందే అది యాక్సిలుతో కలిసే చోట రెండు అంచుల మీదుగా పెయింటుతో ఒక గీత గియ్యి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీత కలవకపోతే, అంతకు ముందు లేని అదురు బండికి పట్టుకోవచ్చు.

ఇంజను ఆయిలు, కూలెంటు, ఫిల్టర్ల గురించి బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నదే పాటించు, దానికి నేను చేర్చేది పెద్దగా లేదు. డీజిల్ ఫిల్టరు అడుగున ఉన్న మరను వదులు చేసి చేరిన నీటిని తరచుగా వదిలెయ్యి, ఎందుకంటే నేటి డీజిల్ ఇంజన్లలో ఇంధనం చిమ్మే నాజిళ్లు నీటిని ఏమాత్రం ఓర్చుకోలేవు. వేడిగా ఉన్న రేడియేటరు మూత తెరవకు. బ్రేకు ఆయిలు మాత్రం చూడ్డానికి బాగానే ఉన్నా రెండేళ్లకోసారి మార్పించు. అది గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. బరువుతో కొండ దిగే పికప్‌లో బ్రేకుల వేడికి పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడితే, నీ కాలి కింద పెడలు ఖాళీగా నేలను తాకుతుంది.

ఇక నువ్వు అడిగిన కమాను పట్టీల సంగతికి వస్తాను. దీన్ని వివరంగా రాయడానికి నా చేతులతో జరిగిన ఒక తప్పు కారణం. అనుభవం లేని రోజుల్లో ఒక పికప్‌కు చెరో రెండు పట్టీలు చేర్చాను. బండి వెనక భాగం రెండు వేళ్ల ఎత్తు లేచింది, బరువు వేసినా కుంగడం లేదని యజమాని సంతోషించాడు. కొన్ని వారాలకే తిరిగి వచ్చాడు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు ఇనుము దాకా అరిగిపోయి, డిస్కులు వేడికి నీలం రంగు తిరిగాయి. ప్యాడ్లు నాసిరకమని తలచి కొత్తవి వేసి పంపాను. మళ్లీ అదే జరిగింది. ఆసారి వెనక డ్రమ్ములు విప్పితే లైనర్లు దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. అంటే ఇంత కాలమూ బరువుతో ఉన్న బండిని ముందు చక్రాలే ఆపుతున్నాయి.

కారణం ఒక సన్నని కడ్డీ. చాలా పికప్‌లలో వెనక యాక్సిలుకు, ఛాసిస్ మీద ఉన్న ఒక చిన్న బ్రేకు వాల్వుకు మధ్య ఆ కడ్డీ ఉంటుంది. తొట్టిలో బరువు పడితే ఛాసిస్ యాక్సిలు వైపు కుంగుతుంది, కడ్డీ ఆ కదలికను వాల్వుకు అందిస్తుంది, వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. ఖాళీ బండిలో ఛాసిస్ పైన ఉంటుంది కాబట్టి వెనక చక్రాలు బిగుసుకుపోయి జారకుండా ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. నేను పట్టీలు చేర్చడంతో బండి బరువుకు కుంగడం మానేసింది. పూర్తిగా నింపినా వాల్వు లెక్కలో అది ఖాళీ బండే. పట్టీలు వేసిన చేయి కడ్డీని కూడా సరిచేసి ఉంటే ఆ యజమాని అన్ని వారాలు ప్రమాదం అంచున నడిచేవాడు కాడు. ఎత్తు పెంచినా ఇదే జరుగుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఈ పంపకం జరిగే కొత్త బండ్లలో కడ్డీ ఉండకపోవచ్చు. నీది పాత బండి కాబట్టి ముందు అది ఉందో లేదో చూసుకో. ఉంటే, తుప్పుతో బిగుసుకుపోయిందేమో కదిపి చూడు.

ఇంకో విషయం ఉంది. పట్టీలు చేర్చినందువల్ల బండి మోయగల బరువు పెరగదు. తయారీ సంస్థ బిగించిన రేకు మీద రాసిన మొత్తం బరువు యాక్సిలు, బేరింగులు, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ అన్నింటినీ లెక్కలోకి తీసుకుని నిర్ణయించింది. ఆ అంకె 3,000 కిలోలు, ఖాళీ బండి 1,900 కిలోలు అనుకుందాం, మిగిలేది 1,100. అందులో నుంచే నువ్వు, నీ పక్కన కూర్చునేవాళ్లు, తొట్టి మీది కప్పు, ముందు బిగించే ఉక్కు గార్డు అన్నీ తీసివేయాలి. మిగిలినదే సరుకుకు. ఆ సరుకును కూడా వీలైనంత మేరకు యాక్సిలుకు ముందు వైపు పేర్చు. వెనక అంచున పేరిస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది.

అయినా పట్టీలు అవసరమే అనిపిస్తే, అంతకు ముందు ఉన్న పట్టీలను విప్పించి చూడు. తరచుగా విరిగిన పట్టీ ఒకటి కట్టలో దాక్కుని ఉంటుంది, లేదా షాకిల్ బుష్‌లు (లంకె బోల్టుల చుట్టూ ఉండే తొడుగులు) అరిగిపోయి ఉంటాయి. అవి మారిస్తే వెనక భాగం తనంతట తానే లేస్తుంది. కట్టను యాక్సిలుకు బిగించే యు-బోల్టులను విప్పాక తిరిగి వాడవద్దు, ఒకసారి బిగుతుకు సాగినవి రెండోసారి అదే పట్టు ఇవ్వవు. కొత్తవాటిని ఎదురెదురు మూలల క్రమంలో టార్క్ రెంచితో (బిగుతును కొలిచే రెంచితో) బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూడాలి. రబ్బరు బుష్‌ల బోల్టులను మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగుతు బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందకు దిగగానే రబ్బరు మెలి తిరిగి త్వరగా చిరుగుతుంది.

పెద్ద టైర్ల మీద నీకున్న మోజు నాకు అర్థమవుతుంది, కాని అవి ఖరీదు కాక మరికొన్ని అడుగుతాయి. టైరు వ్యాసం 10 శాతం పెరిగితే మీటరు 60 చూపించినప్పుడు నువ్వు నిజానికి 66 వేగంతో పోతుంటావు. గేర్లు పొడవైనట్టు అవుతాయి, అంటే ప్రతి గేరులో బండిని లాగే బలం తగ్గుతుంది, క్లచ్ మీద భారం పెరుగుతుంది, అవే బ్రేకులు పెద్ద చక్రాన్ని ఆపాల్సి వస్తుంది. దానికి ఎత్తు పెంచడం తోడైతే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారి క్రాసులు త్వరగా అరుగుతాయి, ముందు యాక్సిల్ షాఫ్టుల కీళ్లను కప్పే రబ్బరు బూట్లు చిరుగుతాయి, మలుపుల్లో బండి పక్కకు ఒరిగే గుణం పెరుగుతుంది. ఎత్తు చేశాక చక్రాలను పూర్తిగా కిందకు వేలాడదీసి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, బ్రేకు గొట్టాలు, సెన్సార్ తీగలు ఎక్కడా లాగుకుపోవడం లేదని కంటితో చూడు. హెడ్‌లైట్లను కిందకు దించి సరిచేయించు, లేకపోతే ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడతాయి. ఇలాంటి మార్పులకు బండి తిరిగే చోటి చట్టం ఒప్పుకుంటుందో లేదో, బీమా వర్తిస్తుందో లేదో ముందే కాగితం మీద తేల్చుకో.

దీపాల విషయం చిన్నదే అయినా బండ్లు కాలిపోవడానికి దారి తీస్తుంది. 60 వాట్ల దీపాలు రెండు బిగిస్తే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. అంత కరెంటును హెడ్‌లైటు స్విచ్ గుండా పంపకూడదు. బ్యాటరీ నుంచి సరిపడా మందమున్న తీగ, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజ్, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), శుభ్రంగా గీకిన ఇనుముకు ఎర్త్ ఉండాలి. పాత వైరింగును కోసి ముడులు వేసేవాడి దగ్గర బండి వదలకు.

ప్రస్తుతానికి కొత్త సామాను ఏదీ కొనకు. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఏ ఆయిలు ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చావో, ఏ భాగం ఎలా కనిపించిందో రాసుకో. ఛాసిస్ తట్టి చూశాక ఎక్కడెక్కడ శబ్దం మారిందో సుద్దతో గుర్తు పెట్టి, వెనక కడ్డీ, వాల్వు, కమాను కట్టలు కనిపించేలా ఫోటోలు తీసి నాకు పంపు. నేను చూసి రాసేదాకా పట్టీల పని ఎవరికీ అప్పజెప్పకు.

నీ మామయ్య