వానకు ఇన్‌క్లెమెంట్, శిక్షకు క్లెమెన్సీ

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కావడంతో ఇంగ్లీషును పుస్తకాల ద్వారానే నేర్చుకున్నాను. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా మా కాలేజీ నోటీసు బోర్డులో ‘ఇన్‌క్లెమెంట్ వెదర్’ కారణంగా తరగతులు జరగవని రాస్తారు. పత్రికల్లోనేమో మరణశిక్ష పడిన ఖైదీలు ‘క్లెమెన్సీ’ కోరుతున్నారని చదువుతుంటాను. ఇవి రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవేనా? కనికరం లేని మనిషిని ఇన్‌క్లెమెంట్ అనవచ్చునా?
– డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: రెండింటికీ మూలం ఒక్కటే. లాటిన్‌లో ‘క్లెమెన్స్’ అంటే శాంతమైన, సౌమ్యమైన అని అర్థం. రోమన్లు దానిని మనిషి స్వభావానికీ, గాలికీ, సముద్రానికీ కూడా వాడేవారు. నీరో చక్రవర్తి పాలన తొలినాళ్లలో ఆయన గురువు సెనెకా ఈ గుణం మీదనే ఒక గ్రంథం రాసి, పగ తీర్చుకోగల శక్తి ఉండి కూడా మనసును అదుపులో ఉంచుకోవడమే క్లెమెన్సీ అని అందులో నిర్వచించాడు. నీరో ఆ పాఠాన్ని ఎంత ఒంటబట్టించుకున్నాడో చరిత్ర చదివినవారికి తెలిసిందే.

ఇక మీ రెండో ప్రశ్న. కనికరం లేనివాడు అనే అర్థంలో ఇన్‌క్లెమెంట్‌ను పూర్వం మనుషులకూ వాడేవారు గానీ, ఇప్పుడు ఆ వాడుక దాదాపుగా పోయింది. నిఘంటువులో ఉన్నంత మాత్రాన మాట బతికి ఉన్నట్లు కాదని, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. వాతావరణం విషయంలో వ్యతిరేకార్థమైన ఇన్‌క్లెమెంట్ నిలిచింది. మనుషుల విషయంలో క్లెమెన్సీ నిలిచింది.

అయితే ఇన్‌క్లెమెంట్ నోటీసు బోర్డు మాట. ముసురు, ఈదురుగాలి, చలి వంటి ఇబ్బందులకు అది సరిపోతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి, మీ జిల్లాలో కొండచరియలు విరిగిపడేంత వానలు కురిపించిన తిత్లీని ఆ మాటతో వర్ణిస్తే వెటకారంలా ఉంటుంది. వాతావరణ శాఖ దానిని ‘వెరీ సివియర్’ తుఫానుగా వర్గీకరించింది. ఆహ్లాదకరమైన రోజును ‘క్లెమెంట్’ అనడం తప్పు కాదు, కాస్త గ్రాంథికంగా ఉంటుందంతే. మామూలుగా ‘మైల్డ్’ అంటే చాలు. ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో సాయంత్రం వేళ వీచే గోరువెచ్చని గాలికి ‘బాల్మీ’ నప్పుతుంది. ఒక ప్రాంతపు శీతోష్ణస్థితి ఏడాది పొడుగునా మితంగా ఉంటుందని చెప్పాలంటే ‘టెంపరేట్’ అనాలి.

క్లెమెన్సీలో అసలు విషయం అధికారం. శిక్షించగలిగినవారు మాత్రమే దానిని చూపగలరు. మన రాజ్యాంగం 72వ అధికరణంలో రాష్ట్రపతికీ, 161లో గవర్నరుకూ ఈ అధికారాన్ని ఇస్తూ పార్డన్ (క్షమాభిక్ష), రిప్రీవ్ (శిక్ష అమలును కొంతకాలం ఆపడం), రెస్పైట్ (ప్రత్యేక కారణాల వల్ల తక్కువ శిక్ష వేయడం), రెమిషన్ (శిక్షాకాలం తగ్గించడం) అని విడివిడిగా పేర్కొన్నదే తప్ప క్లెమెన్సీ అనే మాట వాడలేదు. వాటన్నిటినీ కలిపి చెప్పడానికి న్యాయవాదులూ పత్రికలూ ఆ మాటను వాడుతున్నారు. అది ఎప్పుడూ పొగడ్తే అనుకోకండి. 1857 తిరుగుబాటు వేళ, దొరికిన ప్రతి సిపాయినీ విచక్షణ లేకుండా శిక్షించరాదని గవర్నర్ జనరల్ కానింగ్ జులై 31న ఆదేశాలిచ్చినందుకు, ప్రతీకారం కోరుతున్న ఇంగ్లీషువారు ఆయనకు ‘క్లెమెన్సీ కానింగ్’ అని పేరు పెట్టి ఎగతాళి చేశారు. తరువాతి కాలంలో అదే పేరు ఆయనకు గౌరవమైంది.

ప్రశ్న: జవాబు పత్రాలు ఉదారంగా దిద్దే మాస్టారిని క్లెమెంట్ అనవచ్చునా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు. ‘లీనియెంట్’ అనండి. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని తరగతిలోకి రానిచ్చినా, అరమార్కు కలిపినా ఆ మాటే సరిపోతుంది. అన్నట్టు, పలికేటప్పుడు క్లెమెంట్‌లో మొదటి అక్షరాన్ని ఒత్తాలి. రెండో భాగం ‘మెంట్’ అని కాక, ‘మంట్’కు దగ్గరగా తేలికగా వినిపించాలి.