హెచ్ఐవీ పాజిటివ్ వచ్చినా దగ్గర్లోని ఏఆర్టీ (హెచ్ఐవీ మందులిచ్చే) సెంటర్‌కు వెళ్లనంటే ఏం చేయాలి?

మీ బావమరిదికి ప్రైవేటు ల్యాబులో పాజిటివ్ వచ్చిందని, జిల్లా ఆసుపత్రిలో మందులు ఉచితమని ఎంత చెప్పినా వెళ్లనంటున్నాడని రాశారు. దాన్ని మొండితనం అనుకోకండి. ఏ సెంటర్‌కు వెళ్లాలో చాలామంది దూరాన్ని బట్టి తేల్చుకోరు, అక్కడ ఊరివాళ్లెవరైనా ఎదురుపడతారేమో అన్నదాన్ని బట్టే తేల్చుకుంటారు. జిల్లా ఆసుపత్రిలో ఏఆర్టీ గది ఎక్కడుందో చాలామందికి తెలుసు. ఆ వరండాలో కూర్చున్నారంటే విషయం బయటపడ్డట్టే అని వాళ్ల భయం.

ముందు ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో పరీక్ష చేయించండి. ల్యాబులో ఒక్క కిట్టుతో వచ్చిన పాజిటివ్‌ను ఖాయం అనుకోకూడదు. ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూశాకే పాజిటివ్ అని రాస్తారు, పైసా తీసుకోరు. ఆ రిపోర్టు, గుర్తింపు కార్డు పట్టుకుని పక్క జిల్లా ఏఆర్టీ సెంటర్లోనైనా పేరు నమోదు చేయించుకోవచ్చు. కాబట్టి "దగ్గరిదానికే పో" అని ఒత్తిడి చేయకుండా "నీకు ఎక్కడైతే ఇబ్బంది ఉండదు?" అని అడగండి. దూరమైతే ప్రతిసారీ ఒకరోజు కూలి, బస్సు చార్జీ పోతాయి, అది నిజమే. ఆరోగ్యం కుదుటపడ్డాక రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వమని అడగొచ్చు.

అసలు దెబ్బ తినేది సెంటర్ మారేటప్పుడు. పనికోసం హైదరాబాదో బెంగళూరో వెళ్లినవాళ్లు పాత సెంటర్లో ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకోకుండా కొత్తచోట కొత్త పేషెంటుగా చేరిపోతారు. పాత రికార్డులో మాత్రం "మందులు మానేశాడు" అని పడుతుంది. అప్పుడు పాత సెంటర్‌వాళ్లు ఫోన్ చేస్తారు, ఒక్కోసారి ఇంటికే మనిషిని పంపుతారు. ఏది బయటపడకూడదని ఇంత జాగ్రత్తపడ్డారో అదే బయటపడుతుంది. నమోదు రోజే ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఇంటికి రావచ్చో లేదో కౌన్సెలర్‌తో మాట్లాడుకోవాలి. ఇంట్లో అందరూ ఎత్తే నంబరు ఇవ్వకూడదు.

రెండో భయం మందుల మీద. ఒకప్పుడు స్టావుడిన్ అనే పాత హెచ్ఐవీ మందు వాడినవాళ్ల ముఖాలు పీక్కుపోయేవి, చూడగానే తెలిసిపోయేది. ఆ రోజులు చూసినవాళ్ల మాటలే ఊళ్లో ఇంకా తిరుగుతున్నాయి. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి. క్యాల్షియం, ఐరన్, గ్యాస్ మందులు వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి. ఈ మాత్ర వాటికి 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే దాచకూడదు. టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే, టీఎల్‌డీ వేసుకున్న 12 గంటల తర్వాత వేసుకోవడానికి డోలుటెగ్రవిర్ మాత్ర ఇంకొకటి కలుపుతారు. ఎవరైనా చూస్తారని మాత్రలు కాగితంలో పొట్లం కట్టుకుంటారు, చెమ్మ తగిలి పాడవుతాయి. కావాలంటే డబ్బా మీది లేబుల్ చించేయండి, మాత్రలు మాత్రం అందులోనే ఉంచాలి.

2017 నాటి హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. అతని అనుమతి లేకుండా పరీక్ష చేయడం, ఫలితం బయటపెట్టడం ఆ చట్టం ఒప్పుకోదు. ఈ మాట అతనికి తప్పకుండా చెప్పండి, ధైర్యం వస్తుంది. మీరూ ఆ గోప్యత పాటించండి, మంచికే అయినా మరో బంధువుకు చెప్పకండి.

భార్య సంగతి వేరు, ఆమెకు పరీక్ష కావాలి. ముందు అతనే చెప్పేలా కౌన్సెలర్ సాయం తీసుకోండి. ఎంతకీ చెప్పకపోతే, ఆమెకు ప్రమాదం ఉందనుకున్నప్పుడు కొన్ని షరతులతో డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ చెప్పడానికి చట్టం వీలిచ్చింది. ఆమె ఫలితం నెగటివ్ వచ్చినా 3 నెలలకు మళ్లీ చూడాలి. ఇద్దరూ చివరిసారి కలిసి 72 గంటలు దాటకపోతే 28 రోజుల పెప్ మందులు (వైరస్ సోకకుండా ఆపడానికి వాడేవి) ఆమెకు పనికొస్తాయి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. అలాంటప్పుడు ఇవాళే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం.